తియ్యటి బోరింగు

రంగూన్ రేవు పక్క అహ్లోన్‌లోని తెలుగు పేటలో ఎవరి కళ్ళు పచ్చబడినా జనం ముందు అడిగేది ఒకటే మాట: "ఎంత తాగీసినాడేటి?" తాగేవాడికి కామెర్లు రాక ఇంకేం వస్తాయని అక్కడికక్కడే తీర్పు చెప్పేసి, శవపెట్టెకి బల్లలు వెతకడానికి బయలుదేరేవారు. ఆ వానాకాలం అలా ముగ్గురికి తీర్పు చెప్పేశారు. ముగ్గురూ రేవులో బస్తాలు మోసినవాళ్ళే. ముగ్గురూ పొద్దు వాలేసరికి గొంతు తడుపుకునేవాళ్ళే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. వీళ్ళు నిజంగానే తాగేవాళ్ళాయె, ఇక అనుమానించే తీరిక ఎవరికుంది?

నాలుగో మనిషికి వచ్చేసరికి మాత్రం పేటకి నోట మాట రాలేదు. ఆ మనిషి పేరు సిరి. బాప్టిస్టు చర్చి పాస్టరు జ్ఞానదాసుగారి మనవరాలు. వయసు ఆరేళ్ళు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, సెప్టెంబరు మొదటి వారం. రంగూన్ నగరం నెల్లాళ్ళుగా పనులు మానేసి వీధుల్లో ఉంది. ఆఫీసుల్లేవు, బస్సుల్లేవు, కుళాయిల్లో నీళ్ళు లేవు. ఆగస్టులో తుపాకులు పేలాయి. ఆ తర్వాత సైన్యం బారకాసుల్లోకి వెనక్కి పోయింది. ప్రతి పేటా వెదురు కంచె కట్టుకుని, తన కాపలా తనే కాసుకుంటోంది. అసలే పాతికేళ్ళ పైగా బయటి ప్రపంచానికి తలుపులు బిగించుకున్న దేశం. ఇప్పుడు పేటకీ పేటకీ మధ్య కూడా తలుపులు పడ్డాయి.

రత్నం ఆ పేటకి వచ్చి మూడు వారాలే అయింది. ఆమె యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా అటెండరు. జూన్‌లో యూనివర్సిటీకి తాళం పడింది. సంచౌంగ్‌లో ఆమె అద్దెకున్న వీధిలో కాల్పులు జరిగాక మేనమామ వీరన్న వచ్చి, "ఒంటిదానివి ఇక్కడుండి ఏటి సేస్తావే, పద" అని గిన్నెలతో సహా తన ఇంటికి తీసుకొచ్చేశాడు. నలభై అయిదేళ్ళ రత్నం మహా మొండిది. ఒకసారి ల్యాబులో ఎవరో ఫ్లాస్కు పగలగొట్టి దాచేస్తే, చెత్తబుట్టలో గాజుముక్కలన్నీ ఏరి అతికించి, అది ఏ బల్లమీద ఫ్లాస్కో తేల్చి మరీ నిద్రపోయిన ఘటం.

సిరికి పసరు వెయ్యడానికి అప్పలమ్మ వచ్చింది. బాప్తిస్మంలో ఆమెకి గ్రేసు అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు పెట్టిన పాస్టరు కూడా ఏనాడూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. కామెర్లకి ఆకుపసరు వెయ్యడంలో ఆమె హస్తవాసి నది అవతలి దాకా ప్రసిద్ధి. జూలైలో ఆమె మొగుడు లింగరాజే కామెర్లతో పోయాడు, ఆ ముగ్గురిలో ఒకడు. అయినా ఆమె చేతి మీద ఎవరికీ నమ్మకం చెడలేదు. తాగుబోతుని దేవుడైనా బతికించలేడని సరిపెట్టుకున్నారు.

పసరుకో నియమం ఉంది. తెల్లవారుతూనే, ఇంకెవరూ చెయ్యి పెట్టకముందు పైకి తోడిన తొలి చెంబు నీళ్ళతోనే ఆకు నూరాలి. పరగడుపున పట్టాలి. ఇలా మూడు పొద్దులు. తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కినప్పుడు బట్టలమూటతో పాటు తెచ్చుకున్న ఆచారం అది. మతాలు మారాయి, దేశం మారింది, తొలి చెంబు మాత్రం మారలేదు.

"ఒలే రత్నం, నువ్వు బేగి లేస్తావు కదా, రేపు తొలి చెంబు నువ్వట్టుకొచ్చీ," అంది అప్పలమ్మ.

నీళ్ళంటే చర్చి బోరింగు నీళ్ళే. నదికి ఇంత దగ్గరలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. చర్చి ప్రహరీ పక్కన పెద్దలు వేయించిన ఈ చేతిపంపులో మాత్రం మంచినీళ్ళు పడ్డాయి. రెండేళ్ళ నుంచి అవి ఇంకా తియ్యబడ్డాయని పేటంతా మురిసిపోయేది. కుళాయిలు ఎండిపోయాక పక్క సందుల్లోని బర్మావాళ్ళూ చైనావాళ్ళూ కూడా ఆ తియ్యటి బోరింగు దగ్గరే వరస కడుతున్నారు.

మర్నాడు తెల్లారగట్ల రత్నం చెంబు పట్టుకుని వెళ్ళింది. కాడ నాలుగుసార్లు కొట్టేసరికి నీళ్ళు వచ్చాయి. చెంబు నింపి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. ల్యాబులో ఏ సీసా మూత తీసినా అలా చూడటం ఆమెకి ఇరవై రెండేళ్ళ అలవాటు.

వాసన వచ్చింది. సన్నగా, తియ్యగా, ఒకలాంటి మందు వాసన.

ఆ వాసన ఆమెకి తన చీర వాసనంత బాగా తెలుసు. ల్యాబులో అడుగు అరలో ఉండే కార్బన్ టెట్రాక్లోరైడు అది. అయొడిన్ కలిపిన నీళ్ళలో దాన్ని పోసి కుదిపితే, అయొడిన్‌ని లాక్కుని ఊదారంగులో అడుక్కి దిగిపోతుంది. ప్రతి ఏడూ కొత్త పిల్లలకి చూపించే తమాషా. నీళ్ళకంటే బరువు, నీళ్ళలో సరిగా కలవదు, గాలి తగిలితే ఎగిరిపోతుంది. అందుకే ఇంట్లో కుండలో పొద్దంతా నిలవున్న నీళ్ళలో ఈ మూడు వారాలూ ఆమెకి ఏ వాసనా తెలియలేదు. దాని ఇంకో గుణం కూడా రత్నానికి తెలుసు. ఆమె చేరిన కొత్తలో ఉన్న పెద్ద అటెండరు, చొక్కా మీద జిడ్డు మరకలు దానితో తుడుచుకునేవాడు, సాయంత్రం సారా తాగేవాడు. కళ్ళు పచ్చబడిన పది రోజులకి పోయాడు. అది కాలేయాన్ని తినేస్తుందనీ, తాగేవాళ్ళని ముందు తింటుందనీ, ఆ రోజు ప్రొఫెసరమ్మ అందరినీ నిలబెట్టి చెప్పింది. ఆ తర్వాత విదేశీ పుస్తకాలు రావడం ఆగిపోయింది. దాని గురించి ప్రపంచం ఇంకా ఏం కనుక్కుందో ఈ దేశానికి ఎవరూ చెప్పలేదు.

సందేహం తీరాక ఆపుదాంలే అనుకునే రకం కాదు రత్నం. ముందు ఆపుతుంది, తర్వాత సందేహం తీర్చుకుంటుంది. చర్చి వరండాలో మేకుకి వేలాడే పానా తీసి, బోరింగు తల విప్పి, లోపలి తోలు వాషరు లాగి సంచిలో వేసుకుంది. వాషరు లేని బోరింగు చచ్చిన పాము. అప్పలమ్మకి మాత్రం చూరు కింద పట్టిన వాననీళ్ళు చెంబు నిండా పోసి, "తొలి చెంబే" అని ఇచ్చేసింది. అబద్ధం చెప్పినందుకు ఆమెకి రవ్వంత కూడా బాధ కలగలేదు.

ఇంటికొచ్చి పెరట్లో కుంపటి మీద కెటిల్ పెట్టింది. బోరింగు నీళ్ళు పోసి, మూత చుట్టూ బియ్యప్పిండి ముద్ద మెత్తింది, ఆవిరి ముక్కులోంచి తప్ప ఎటూ పోకుండా. పక్కన కిరసనాయిలు పంపు స్టవ్వు వెలిగించి, కరెంటు తీగలోంచి లాగిన రాగితీగని చుట్టగా చుట్టి నీలిమంటలో ఎర్రగా కాల్చింది. కెటిల్ ముక్కు ఆ మంటవైపు తిప్పింది. క్లోరిన్ ఉన్న ఆవిరి కాలిన రాగికి తగిలితే మంట పచ్చబడుతుంది. ఉప్పు ఆవిరిలో ఎగరదు కాబట్టి ఉప్పునీళ్ళని పొరబడే భయం లేదు.

నీళ్ళు ఇంకా మరగనే లేదు. మంట పచ్చబడింది, చిలకపచ్చ.

రత్నం మొహం పక్కకి తిప్పుకుని, కెటిల్ లాగేసింది. ఆ ఆవిరి మంటలో పడితే ఇంకా పెద్ద విషం పుడుతుంది. తల తిప్పేసరికి గుమ్మంలో వీరన్న. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బియ్యం మిల్లు గోడౌన్లలో ముప్ఫయ్యేళ్ళు మేస్త్రీగా చేసినవాడు.

"ఆ వాసన నాకెరికే," అన్నాడు. "మిల్లు పురుగుమందు అది. బియ్యం బస్తాల మీద కొట్టీవోలం."

"అది బోరింగులోకి ఎలా వచ్చింది మావయ్యా?"

వీరన్న గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఏ సంగతైనా కూర్చుంటేనే గానీ చెప్పలేడు.

"రెండేళ్ళయ్యింది. తనిఖీకి పెద్దోలొస్తన్నారని మిల్లులో గోల. గోడౌన్లో మూలకి ఇరవై రెండు డ్రమ్ములు పాతమందు పడున్నాది. 'ఇవి కంటికి కనబడకూడదు మేస్త్రీ' అన్నాడు మేనేజరు. నదిలో తోసీమన్నాడు. నదిలో సేపలున్నాయి, సేపలు తినే మనుసులున్నారని నానొప్పలేదు. చర్చి ఎనక గొయ్యి తీసి కప్పెట్టీసినాను. దేవుడి జాగా కదా, ఎవులూ తవ్వరని."

"డ్రమ్ములు మందపాటి ఇనుము. రెండేళ్ళకే చిల్లులు పడవే!"



"నానే కన్నాలెట్టినాను," అన్నాడు వీరన్న. "డ్రమ్ముకి నాలుగేసి. గునపంతోటి."

"అయ్యో, ఎందుకూ?"

"మనోలు డ్రమ్ము కనబడితే వొగ్గుతారేటే? మిల్లు డ్రమ్ము దొరికితే ఇల్లు దొరికినట్టే మనకి. తాతల కాడ నుంచీ అంతే కదా, కడిగీసి నీలు నింపుకోడం. ఎవులో ఒకలు తవ్వుకుపోయి, అందులో నీలోసి పిల్లలకి తాగించీస్తారని నా బయం. అందుకని దేనికీ పనికిరాకుండా సేసీసినాను. మంచే సేసినాననుకున్నానే అమ్మీ."

రత్నానికి నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఒక్క ఇంట్లో ఒక్క డ్రమ్ములో విషం పడకూడదని ఈ మహానుభావుడు ఇరవై రెండు డ్రమ్ముల విషాన్ని ఊరంతా తాగే ఊటలోకి వదిలాడు. నీళ్ళకంటే బరువైన ఆ మందు మట్టిలోంచి దిగి దిగి, ఊట అడుగున కూర్చుంది. బోరింగు గొట్టం అడుగునుంచే కదా తోడేది!

"నానెల్లి సెప్పీసుకుంటాను," అని లేవబోయాడు వీరన్న.

"గడప దాటావంటే చూడు!" అని కసిరింది రత్నం.

ఆమె కోపం వెనక ఉన్నది భయమే. ఊళ్ళో నీళ్ళలో విషం కలుపుతున్నారన్న పుకారు పదిరోజులుగా చెవిలో జోరీగలా తిరుగుతోంది. గవర్నమెంటు మనుషులే కలుపుతున్నారని కొందరు, డబ్బిచ్చి కలిపిస్తున్నారని కొందరు. మొన్న పక్క పేటలో నీళ్ళ తొట్టి దగ్గర తచ్చాడుతున్న ఒకణ్ణి చేతిలో సీసా ఉందని పట్టుకున్నారు. సీసాలో ఏముందో ఎవరూ చూడలేదు. మనిషిని మాత్రం బతకనివ్వలేదు. ఇప్పుడు 'బోరింగులో విషం ఉంది, అది మా మావయ్య పాతినదే' అంటే ఆయన ప్రాణం గంటసేపు నిలవదు. అనకపోతే ఇంకో వాషరు వేసుకుని జనం ఆ నీళ్ళే తాగుతారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న సామెత పుట్టించినవాడికి అహ్లోన్ సంగతి ముందే తెలుసేమో.

అప్పుడే జ్ఞానదాసుగారు పరుగులాంటి నడకతో వచ్చారు. రత్నం ఆయన దగ్గర ఏమీ దాచలేదు. ఆయన వింటూ వింటూ గోడ పట్టుకున్నారు.

"నా సిరి... తగ్గుతుందా అమ్మా?"

"చిన్నపిల్ల అయ్యగారూ. ఈ రోజు నుంచి ఆ నీళ్ళు ముట్టకపోతే తేరుకునే వీలుంది. నేను డాక్టర్ని కాదు, మాటివ్వలేను."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పాము పడి చచ్చిందని చెప్పేద్దాం. ఎవరి మీదకీ రాదు."

"పాము పడితే బ్లీచింగు పౌడరు వేసి, వారానికి మళ్ళీ తాగుతారు. ఇది వారంతో పోయేది కాదు. నా జన్మలో బాగుపడుతుందో లేదో కూడా తెలియదు."

"అమ్మా, అంత తీరిక కూడా లేదు మనకి," అన్నారాయన. "బోరింగు ఎవరో పాడుచేశారని కాపలావాళ్ళు ఒక మనిషిని పట్టుకున్నారు. ఎవరో బర్మా ముసలాయన, వాన పడుతోందని చర్చి వరండాలో పడుకున్నాడు. పంపుకి కట్టేశారు. నా మాట వినడం లేదు."

రత్నం కెటిల్, పంపు స్టవ్వు, రాగితీగ బుట్టలో పడేసుకుంది. "మావయ్యని కదలనివ్వకండి" అని పాస్టరుగారికి చెప్పి, సంచి భుజాన వేసుకుని బయలుదేరింది.

బోరింగు చుట్టూ వందమంది దాకా ఉన్నారు. ముసలాయన్ని అతని తువ్వాలుతోనే పంపుకి కట్టారు. అతను ఏడవడం కూడా మానేసి, పెదవులు మాత్రం కదుపుతున్నాడు. ఎదురుగా ఎర్రగుడ్డ తలకి చుట్టుకుని, చేతిలో కత్తితో మైకేల్ నిలబడ్డాడు. అప్పలమ్మ కొడుకు. పేట కాపలాకి పెద్ద. మూడు నెలల కిందటి దాకా రత్నం ల్యాబులో మూడో సంవత్సరం విద్యార్థి. అటెండర్ని కూడా 'సయామా' అని, అంటే టీచరమ్మా అని, పిలిచేవాడు ఆ క్లాసులో వాడొక్కడే.

రత్నం సంచిలోంచి వాషరు తీసి పైకెత్తింది.

"ఇది తీసింది నేను. ఆయన్ని విప్పు."

మైకేల్ కళ్ళు చిట్లించాడు. "మీరా సయామా? ఎందుకు? జనం నీళ్ళు లేక చస్తుంటే..."

"నీళ్ళు తాగి చస్తున్నారు కాబట్టి తీశాను. స్టవ్వు వెలిగిస్తాను, చూడు. నీకు నేర్పింది నేనే, నా మాట నమ్మక్కర్లేదు, నీ కళ్ళని నమ్ము."

ఆవిరి తగలకుండా జనాన్ని గాలి వచ్చే వైపు నిలబెట్టింది. ముందు చర్చి రేకుల కింద పట్టిన వాననీళ్ళు కాచింది. రాగితీగ ఎర్రగా మండింది, మంట రంగు మారలేదు. అందరికీ రెండుసార్లు చూపించింది. తర్వాత బోరింగు తల విప్పి ఉన్న గొట్టంలోకి తాడుకట్టిన సీసా దించి, నీళ్ళు తీసి, వాటిని కాచింది. చిలకపచ్చ మంట లేచింది. ముందు వరసలో పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. బర్మా మాటల్లో, తెలుగు మాటల్లో ఒకే మాట గుంపంతా పాకింది, విషం, విషం.

మైకేల్ ఒంగి సీసా వాసన చూశాడు. వాడు బుద్ధిగా చదువుకున్న కుర్రాడు. "టెట్రాక్లోరైడ్," అన్నాడు నెమ్మదిగా. ఆ వెంటనే తల ఎత్తాడు. "లివర్... తాగేవాళ్ళకి ముందు... సయామా, మా నాన్న..."

"ముందు ఆయన్ని విప్పు మైకేల్. అప్పుడు మిగతాది."

మైకేల్ కత్తితోనే ముడి కోశాడు. ముసలాయన నేలమీద కూలబడ్డాడు. ఎవరో అతనికి టీ పోసి ఇచ్చారు, ఇందాక అతన్ని కట్టినవాళ్ళే.

"ఎవరు పోశారు?" అన్నాడు మైకేల్.

"మిల్లులో పాత పురుగుమందు. మేనేజరు దాచెయ్యమని హుకుం ఇచ్చాడు. రెండేళ్ళ కిందట చర్చి వెనక పూడ్చారు."

"హుకుం ఇచ్చినవాడు పార పట్టడు సయామా. పూడ్చిందెవరు?"

రత్నం నోరు విప్పలేదు. అబద్ధం చెప్పలేకపోయింది, నిజం చెప్పనూ లేకపోయింది. తెలిసి దాస్తోందని అందరికీ అర్థమైపోయింది. "సెప్పు, సెప్పు" అని వెనకనుంచి అరుపులు. ఎవరో ఆమె భుజం పట్టి కుదిపారు.

"దాన్నొదిలీండి. నాను."

వీరన్న. వెనకాల పాస్టరుగారు, చొక్కా గుండీలు తెగి. పాపం, ముసలివాణ్ణి పట్టి ఆపబోయి ఓడిపోయినట్టున్నారు. గుంపు దారి ఇచ్చింది. వీరన్న నడిచొచ్చి మైకేల్ ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు, డ్రమ్ములు, గొయ్యి, గునపం, ఒక్కొక్క దానికి నాలుగేసి కన్నాలు, ఎందుకు పెట్టాడో అదీ.

"కతలు!" అని ఎవరో అరిచారు. "డబ్బు తిని పోసినాడు! డ్రమ్ముల కోసం కన్నాలెట్టీడం ఏటి, ఎవులు సూసినారు?"

మైకేల్ కత్తి పిడి మీద వేళ్ళు బిగిశాయి. రత్నం ఒక్క అంగలో ఇద్దరి మధ్యకీ వచ్చింది. ఆమె ఎత్తు మైకేల్ భుజం దాకా కూడా రాదు. అయినా నిలబడింది. "నన్ను దాటుకుని పోవాలి" అంది.

"నానే సాచ్చి!"

అప్పలమ్మ. చేతులకి ఇంకా ఆకుపసరు పచ్చగా అంటుకునే ఉంది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది.

"ఆ యేడు ఒక్క డ్రమ్ము ఇప్పించయ్యా అని ఈ మేస్త్రీ కాళ్ళట్టుకున్నాను. నీలు నింపుకుంటానన్నాను. 'ఇయ్యను, అది ముట్టకు' అన్నాడు. గొయ్యి కాడికి కూడా ఎల్లినాను, తీసుకుందారని. అన్నీ కన్నాలు. నా నోటికొచ్చిన తిట్టల్లా తిట్టినాను. తన దగ్గరున్నది పదిమందికి పెట్టనోడు నాశనమైపోతాడన్నాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఒరే మైకేలూ, ఆడు మట్టిలో పోసినాడు. నాను నోట్లో పోసినాను. ఈ బోరింగు తొలి చెంబుతోటి మీ నాయనకి మూడు పొద్దులు నా సేత్తో పట్టినాను. మిగతా ఇద్దరికీ నానే. ఇయ్యాల ఆ పసిదానికి కూడా నూరీసినాను, పట్టీసేదాన్నే. ఆణ్ణి నరకాలంటే ముందు నన్ను నరుకు. అప్పుడు నీలు బాగయిపోతాయేమో సూద్దారి."

ఆవిడ ఏడుస్తోంది. సిగ్గుపడకుండా, ముక్కు చీదుకుంటూ, అందరి ముందూ ఏడుస్తోంది. "తొలి చెంబు" అని తనలో తను ఒకటే అనుకుంటోంది. రత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. పసరు తన చేతికీ అంటింది.

మైకేల్ కత్తి బోరింగు గట్టుమీద పెట్టాడు. పెట్టి, అక్కడే కూలబడ్డాడు.

"నాన్న తాగి తాగి చచ్చాడనుకున్నాను," అన్నాడు. "ఇరవయ్యేళ్ళూ అమ్మని ఏడిపించి, చివరికి అదే తాగి పోయాడనుకున్నాను. సమాధి దగ్గర అందరూ తలో పిడికెడు మట్టి వేశారు సయామా. నేను వెయ్యలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను." మొహం ఎత్తాడు. "నిజం చెప్పండి. చంపింది తాగుడా, నీళ్ళా?"

నీళ్ళే అనేస్తే కుర్రాడికి ఎంతో తేలికయ్యేది. రత్నానికీ తెలుసు. కానీ తేలికైన అబద్ధం కోసమేనా ఇంతసేపూ తను నిలబడింది?

"రెండూను నాన్నా. తాగుడు తలుపు తీసింది. లోపలికి వచ్చింది ఈ నీళ్ళే. ఈ నీళ్ళే లేకపోతే మీ నాన్న ఈపాటికి తాగుతూ, మీ అమ్మ చేత తిట్లు తింటూ బతికే ఉండేవాడు."

మైకేల్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. జూలైలో ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చాడు. వాన మొదలైంది, చర్చి రేకుల మీంచి ధారలు కట్టింది. పక్క సందు చైనా ఆడవాళ్ళు ఇద్దరు ఎవరూ చెప్పకుండానే తమ బిందెలు తీసుకెళ్ళి ఆ ధారల కింద పెట్టారు. ఒకరిని చూసి ఒకరు అందరూ అటు కదిలారు.

రత్నం పానా అందుకుంది. గొట్టం మొత్తం లాగేసి, కన్నం బంకమట్టితో పూడిస్తే గానీ ఆమెకి మనసు కుదుటపడదు. "అయ్యగారూ, ఓ నలుగురు మగాళ్ళని పిలవండి," అంది. ముసలి బర్మా ఆయనే అందరికంటే ముందు వచ్చి, తడిసిన లుంగీ ఎగ్గట్టుకుని గొట్టం పట్టుకున్నాడు.

అప్పలమ్మ కొంగుతో కొడుకు మొహం తుడిచింది.

"లెగు. పద, ఇప్పుడెయ్యి మట్టి. మీ నాయన ఎక్కడికీ ఎల్లిపోనాడేటి, అక్కడే ఉన్నాడు."

తల్లీ కొడుకూ వానలో సమాధుల తోటవైపు నడిచారు. వీరన్న కాసేపు గట్టు దగ్గరే నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు, ఉండమనలేదు. తర్వాత తనంతట తనే వాళ్ళ వెనక బయలుదేరాడు. రత్నం ఆయన్ని ఆపలేదు, గొట్టానికి పానా బిగించింది.

ముసలి కాళ్ళు, బురద దారి, ఆయన బాగా వెనకబడిపోయాడు. వెదురు కంచె దగ్గర మలుపులో మైకేల్ ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు, పిలవలేదు. వీరన్న వచ్చి అందుకునేదాకా వానలో అలాగే నిలబడి, ఆ తర్వాత నడిచాడు.